వంద ఎంబీపీఎస్ చాలు, క్యూ కట్టకుండా చూసుకోండి

ప్రశ్న: సార్, అనంతపురం సాయినగర్‌లో ఒక గది అద్దెకు తీసుకుని 15 కంప్యూటర్లతో గేమింగ్ కేఫ్ పెడుతున్నా. 1 జీబీపీఎస్ (అంటే 1000 ఎంబీపీఎస్) ప్లాన్ లేకపోతే ల్యాగ్, అంటే ఆట ఆగి ఆగి నడవడం, తప్పదని నెట్ వాళ్లు అంటున్నారు. రెండు వైఫై రౌటర్లు పెడితే కేబుళ్ల ఖర్చు మిగులుతుందని మా మామ అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరి మాటా వద్దు. మామగారికి మాత్రం కాస్త మెల్లగా చెప్పండి.

వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటి ఆన్‌లైన్ షూటింగ్ ఆటలు ఆడుతున్నప్పుడు ఒక్కో కంప్యూటర్ మామూలుగా 1 ఎంబీపీఎస్ కూడా వాడదు. సీట్లన్నీ నిండినా 15 దాటదు, 100 ఎంబీపీఎస్ ప్లాన్ చాలు. ఆడేవాళ్లు చూసేది పింగ్, అంటే మీ సిగ్నల్ ఆట నడిపే సర్వర్ దాకా పోయి తిరిగి రావడానికి పట్టే సమయం. ఈ రెండు ఆటలకూ ముంబయిలో సర్వర్లున్నాయి. అనంతపురం నుంచి ముంబయికి తిన్నగా గీత గీస్తే దాదాపు 700 కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి, రానూపోనూ 7 మిల్లీసెకన్లు. ఎంత డబ్బు పోసినా అంతకన్నా తగ్గదు. లైను చెన్నై మీదుగానో హైదరాబాద్ మీదుగానో చుట్టు తిరిగితే ఇంకా పెరుగుతుంది. అందుకే ప్లాన్ కట్టే ముందు, అదే కంపెనీ నెట్ ఉన్న పక్కింట్లోనో షాపులోనో ల్యాప్‌టాప్‌కి కేబుల్ పెట్టి, రాత్రి 8 నుంచి 10 మధ్య ఆట తెరిచి పింగ్ చూడండి. పొద్దున ఏడింటికి చూస్తే అందరి నెట్టూ బంగారమే.

మరి ల్యాగ్ ఎక్కడి నుంచి వస్తుంది? మూల సీటులో ఒకడు గేమ్ అప్‌డేట్ నొక్కుతాడు. లైను నిండిపోయి ప్యాకెట్లు (నెట్‌లో పోయే చిన్న చిన్న డేటా ముక్కలు) క్యూ కడతాయి. మిగతా 14 మంది పేల్చిన తూటాలు ఆ ఫైళ్ల వెనక నిలబడాలి. దీన్ని బఫర్‌బ్లోట్ అంటారు. 1 జీబీపీఎస్ తీసుకున్నా నాలుగైదు డౌన్‌లోడ్లు కలిస్తే అదీ నిండుతుంది. దీనికి మందు ఎస్‌క్యూఎం, అంటే క్యూని తెలివిగా నడిపే సౌకర్యం, ఉన్న రౌటర్. మైక్రోటిక్ కంపెనీ రౌటర్లలో వాటి సాఫ్ట్‌వేర్ రౌటర్‌ఓఎస్ 7 నుంచి, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే రౌటర్ సాఫ్ట్‌వేర్‌లో కూడా దీనికోసం కేక్, ఎఫ్‌క్యూ-కోడెల్ అనే పద్ధతులున్నాయి. లైను వేగంలో 90 శాతం దగ్గర పరిమితి పెట్టండి. అప్పుడు క్యూ నెట్ వాళ్ల బాక్సులో కాకుండా మీ రౌటర్‌లో ఉంటుంది, ఆట ప్యాకెట్లు ముందుకు పోతాయి.

ఇక ఆ అప్‌డేట్ల సంగతి. 100 జీబీ గేమ్ 100 ఎంబీపీఎస్ లైనులో దిగాలంటే రెండుంపావు గంటలు. పదిహేను కంప్యూటర్లకు విడివిడిగా దించితే 33 గంటలు! ఒక్కదాంట్లో దించుకుని మిగతావాటికి లోపలి నెట్‌వర్క్‌లోనే పంచండి. ఆటలు కొని దించుకునే స్టీమ్‌లో ఈ సౌకర్యం 2023లో వచ్చింది. గిగాబిట్ స్విచ్ (కంప్యూటర్లన్నిటినీ కేబుళ్లతో కలిపే పెట్టె) ఉంటే అదే గేమ్ పావుగంటలో చేరుతుంది, డిస్క్ కూడా ఆ వేగం అందుకుంటే. పాత కంప్యూటర్ ఒకటి ఖాళీగా ఉంటే ఒకసారి దించిన ఫైళ్లను దాచి అందరికీ అందించే లాన్‌కాష్ సాఫ్ట్‌వేర్ పెట్టుకోవచ్చు, కేఫ్‌కి అది ఇంకా సుఖం.

స్విచ్ 24 పోర్టులది ఒక్కటే తీసుకోండి. ఎనిమిది పోర్టులవి మూడు గొలుసుకట్టుగా తగిలించొద్దు. కేబుల్ క్యాట్ 6, అసలు రాగిది. అల్యూమినియం తీగకు రాగి పూత పూసిన సీసీఏ రకం చవక, అందుకే షాపువాళ్లు దాన్నే చేతిలో పెడతారు. పిన్ను కూడా సరిగా కొట్టాలి. కడపలో ఒక కేఫ్‌కి పోయినప్పుడు ఓనరు మూడో ప్లాన్ మార్చి కూర్చున్నాడు. చూస్తే ఒక సీటు కేబుల్‌కి పిన్ను కొట్టేటప్పుడు (క్రింపింగ్‌లో) ఒక జత తీగ సరిగా పడలేదు. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి, 100కి రెండు చాలు. ఆ సీటు ఎప్పుడూ 100లోనే నడుస్తోంది. కొత్త పిన్ను కొట్టగానే సరిపోయింది. ప్లాన్లకు పోసిన డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

ఇక మామగారి వైఫై: అది ఫోన్లలో ఆడేవాళ్లకు, అదీ 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో. కంప్యూటర్లకు వద్దు.

ఫైబర్ బాక్స్, రౌటర్, స్విచ్ మూడింటికీ చిన్న యూపీఎస్ పెట్టండి. మన అనంతపురం ఎండలకు వాటిని రేకు కింద అటక మీద దాచొద్దు, వేడెక్కి రీస్టార్ట్ అవుతుంటాయి. రెండో కంపెనీ లైను కూడా తీసుకోండి. రెండూ ఒకే స్తంభం మీదుగా వస్తుంటే, కొమ్మ విరిగి పడినరోజు రెండూ పోతాయి, అది అడిగి తెలుసుకోండి.

ఇంకోటి, 2011 సైబర్ కేఫ్ నిబంధనల ప్రకారం రిజిస్ట్రేషన్, వచ్చినవాళ్ల గుర్తింపు, ఏడాది పాటు దాచే రిజిస్టరు ఉండాలి. ఇంటర్నెట్ ఇచ్చేచోట వాటిని పట్టించుకోకుండా షాపు తెరవొద్దు.

ప్రశ్న: కర్నూలులో మా కేఫ్‌కి స్టాటిక్ ఐపీ (మారని ఇంటర్నెట్ చిరునామా) కొనమంటున్నారు. అవసరమా?

జవాబు: వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ ఆడటానికి అక్కర్లేదు. మీరే సర్వర్ నడుపుతూ బయటివాళ్లను రమ్మనాలన్నా, కొన్ని ఆటల్లో ‘స్ట్రిక్ట్ నాట్’ (వేరే ఆటగాళ్లతో నేరుగా కలవడం కష్టమనే హెచ్చరిక) అని వస్తున్నా మీ లైను సీజీనాట్, అంటే నెట్ కంపెనీ ఒకే చిరునామాను చాలామందికి పంచే ఏర్పాటు, వెనక ఉందేమో చూడండి. రౌటర్‌లో వాన్ ఐపీ (నెట్ కంపెనీ మీ లైనుకిచ్చిన చిరునామా) 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే ఉన్నట్టే. అప్పుడు ముందు పబ్లిక్ ఐపీ (బయటివాళ్లు నేరుగా చేరగల, మీ ఒక్కరికే ఇచ్చే చిరునామా) అడగండి, అది స్టాటిక్ కానక్కర్లేదు.