ఆర్వీలో సరస్సు ఒడ్డుకు: డబ్బు ఎక్కడ జారిపోతుంది?

రెండు కుటుంబాలు కలిసి పెద్ద ఆర్వీ, అంటే పడకలు, వంటగది, స్నానాల గది ఉన్న బండి, అద్దెకు తీసుకుని డాలస్ నుంచి యూటా, అరిజోనా సరిహద్దులోని లేక్ పవెల్ సరస్సు దాకా వెళ్లి రావాలనుకుంటున్నామని, రోజు అద్దెను అందరికీ పంచి చూస్తే హోటల్ కన్నా చవకగానే తేలుతోందని మీరు రాశారు. మీ కూడికలో తప్పు లేదు గానీ, కూడవలసిన ఖర్చుల్లో సగం అందులోకి రానే లేదు. అమెరికాకు వచ్చిన కొత్తలో మేమూ అచ్చంగా ఇదే లెక్క వేసుకుని బయలుదేరాం. నిబంధనలన్నీ క్యాంప్‌గ్రౌండ్ (ఆర్వీలు నిలుపుకుని, గుడారాలు వేసుకుని ఉండే చోటు) వెబ్‌సైటులో వివరంగా ఉంటాయి, వాటిని మీరే చదువుకోగలరు. చేతిలోని డబ్బు ఎక్కడ జారిపోతుందో మాత్రం అక్కడ ఎవరూ రాయరు కాబట్టి ఆ సంగతి చెబుతాను.

మొదటిది దూరం. డాలస్ నుంచి లేక్ పవెల్‌కు ఒకవైపే వెయ్యి మైళ్లు పైమాట. ఇంటిలాంటి ఆ బండి గ్యాలను పెట్రోలుకు ఎనిమిది నుంచి పది మైళ్లు నడిస్తే గొప్ప, అంటే రానూపోనూ 200 గ్యాలన్లకు తక్కువ కాదు. చాలా అద్దె ఒప్పందాల్లో రోజుకు ఇన్ని మైళ్లని హద్దు ఉంటుంది, అది దాటిన ప్రతి మైలుకూ వేరే లెక్క. మేము ఈ హద్దును చూసి కూడా, ఎంతలే అనుకుని సంతకం పెట్టాం. తిరిగి వచ్చాక బిల్లులో అన్నిటికన్నా పెద్ద అంకె అదే. పైగా వెళ్లడానికి రెండు రోజులు, రావడానికి రెండు రోజులు హైవే మీదే గడిచాయి, ఆ రోజులకూ పూర్తి అద్దె కట్టాం. సరస్సు నీటిని చూస్తూ కూర్చున్న గంటల కన్నా పెట్రోలు బంకుల్లో నిలబడిన గంటలే ఎక్కువేమో అనిపించింది.

రెండోది, చవకగా దొరికిందని క్యాంప్‌గ్రౌండ్‌లో బండి నిలపడానికి కరెంటు కనెక్షన్ లేని స్థలం తీసుకోవడం. అది మంచి ఎండాకాలం. లోపల పిల్లలు ఉక్కకు ఏడుస్తుంటే ఏసీ కోసం జనరేటర్ వేశాం. రాత్రి పది కాగానే క్యాంప్ హోస్ట్‌గా ఆ చోటును చూసుకుంటున్న పెద్దాయన వచ్చి, నిశ్శబ్ద వేళలు మొదలయ్యాయని, జనరేటర్ ఆపాలని మర్యాదగానే చెప్పి వెళ్లారు. తెల్లవార్లూ ఎవరికీ కంటిమీద కునుకు లేదు. ఆ జనరేటర్ నడిచిన ప్రతి గంటనూ మీటరు చూసి అద్దె సంస్థ వసూలు చేసింది. స్థలం మీద మిగిల్చింది కొంచెం, పోగొట్టుకున్నది దానికి ఎన్నో రెట్లు.

మూడోది మనవాళ్లు అసలు ఊహించనిది: నీళ్లు. బండి కింద మంచినీటికి ఒక ట్యాంకు, సింకులోంచీ స్నానాల గదిలోంచీ వచ్చే వాడకపు నీటికి గ్రే ట్యాంకు, మరుగుదొడ్డికి బ్లాక్ ట్యాంకు వేర్వేరుగా ఉంటాయి. గ్రే ట్యాంకు సాధారణంగా 30, 40 గ్యాలన్లే పడుతుంది. ఇంట్లో అలవాటైనట్టు కుళాయి విప్పి పెట్టి గిన్నెలు తోమాం, అందరం తలస్నానాలు చేశాం. రెండో రోజు మధ్యాహ్నానికి షవర్ అడుగున ఉన్న రంధ్రంలోంచి మెతుకులు, నూనె తేలుతున్న బూడిదరంగు నీళ్లు పైకి రావడం మొదలైంది. పరిచిన సామానంతా సర్దుకుని, బండిని ట్యాంకుల మురికినీళ్లు వదిలే డంప్ స్టేషన్‌కు తోలుకుపోయి, వరుసలో నిలబడి ఖాళీ చేసుకునేసరికి ఆ పూట కాస్తా పోయింది. అక్కడ ముందు బ్లాక్ ట్యాంకు వదిలి, తరువాత గ్రే ట్యాంకు వదలాలని, అప్పుడే గొట్టం ఆ నీళ్లతో కడిగినట్టవుతుందని పక్క బండివాళ్లు చెబితే తెలిసింది. బండి అప్పగించే ముందు మళ్లీ ఖాళీ చేయనందుకు, లోపల తాలింపు వాసన పోనందుకు కలిపి డిపాజిట్‌లో మంచి కోతే పడింది.

ఈ మూడూ తెలిశాక పద్ధతి మార్చుకున్నాం. ఇప్పుడు మా ఇంట్లో సరస్సు ఒడ్డున వారాంతం అంటే ఎవరూ ఖర్చు గురించి కంగారు పడరు. మీరు డాలస్‌లో ఉంటూ లేక్ పవెల్ గురించి ఆలోచించడం ఉత్సాహమే గానీ, ముందు చుట్టుపక్కల ఉన్న లూయిస్‌విల్, గ్రేప్‌వైన్, లావన్ సరస్సులను చూడండి. ఇంకొంచెం దూరమైనా ఫరవాలేదనుకుంటే ఓక్లహోమా సరిహద్దులో లేక్ టెక్సోమా ఉంది. అట్లాంటాలో ఉండే స్నేహితులకు లేనియర్, అలటూనా ఉన్నాయి. ఇవన్నీ అమెరికా సైన్యపు ఇంజనీరింగ్ విభాగమైన ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ ఆనకట్టల వల్ల ఏర్పడిన జలాశయాలు. ఒడ్డున చాలా భూమి ఆ సంస్థ చేతిలోనే ఉండడం వల్ల క్యాంప్‌గ్రౌండ్‌లు నీటికి ఆనుకునే ఉంటాయి, ప్రైవేటు రిసార్టులతో పోలిస్తే రుసుము బాగా తక్కువ. వసంతంలో భారీ వానలు పడితే నీటిమట్టం పెరిగి కొన్ని స్థలాలు మూసేస్తారు, అందుకని బయలుదేరే ముందు ఒకసారి చూసుకోవాలి. రిజర్వేషన్ రిక్రియేషన్ డాట్ గవ్ వెబ్‌సైటులో చేసుకోవాలి. సెలవు వారాంతాలకు నెలల ముందే పట్టుకోవాలి.

బండి విషయానికి వస్తే, రెండు కుటుంబాలకు ఒక పెద్దది వద్దు. 25 అడుగుల లోపు బండి ఒకటి, పక్కనే గుడారం ఒకటి చాలు. కరెంటు ఉన్న స్థలమే తీసుకోండి, కానీ 30 ఆంపియర్ల కనెక్షన్ అంటే 120 వోల్టుల మీద మొత్తం 3,600 వాట్లే అని గుర్తుంచుకోండి. ఏసీ నడుస్తుండగా ఇండక్షన్ పొయ్యి, మైక్రోవేవ్ రెండూ వేస్తే బ్రేకర్ పడిపోవడం ఖాయం. వంట బయట బల్ల మీద, స్నానాలు క్యాంప్‌గ్రౌండ్ స్నానశాలలో పెట్టుకుంటే గ్రే ట్యాంకు బాధా ఉండదు, డిపాజిట్ కోతా ఉండదు. జిడ్డు గిన్నెలను కాగితంతో తుడిచాకే కడగాలని ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పండి.

మీ అమ్మానాన్నలు కూడా వస్తారన్నారు. వారికి 62 ఏళ్లు నిండి, గ్రీన్‌కార్డుగానీ పౌరసత్వంగానీ ఉంటే పెద్దవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే సీనియర్ పాస్ తీసుకోండి, ఆర్మీ కోర్ క్యాంప్‌గ్రౌండ్‌లలో స్థలం రుసుము సగమే అవుతుంది. విజిటర్ వీసా మీద వచ్చినవారికి అది వర్తించదు. మీ కారు బీమా, క్రెడిట్ కార్డు బీమా అద్దె ఆర్వీకి పనికొస్తాయని ఊహించుకోకండి. చాలావరకు పనికిరావు, ముందే ఫోను చేసి కనుక్కోండి.

తాళాలు చేతికిచ్చేటప్పుడు మాత్రం తొందరపడకండి. పిల్లలు ఎంత గోల పెట్టినా సరే, బండి చుట్టూ తిరిగి గీతలు, పైకప్పు అంచులు, ఓడోమీటర్, జనరేటర్ గంటల మీటరు, పెట్రోలు, ప్రొపేన్ ముళ్లు ఫొటోలు తీసి, వాటిని అక్కడికక్కడే అద్దె సంస్థకు ఈమెయిల్‌లో పంపండి. అప్పగించే రోజూ అదే వరుసలో మళ్లీ తీయండి.