తిన్నాక గుండె దడ: గ్యాసేనా, గుండెకేమైనా అయిందా?

ప్రశ్న: నా వయసు 48. ఖమ్మంలో కిరాణా కొట్టు ఉంది. ఆరేళ్లుగా షుగర్, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. రాత్రి తొమ్మిదిన్నరకు కొట్టు కట్టేసి, ఇంటికొచ్చి భోంచేసి పడుకుంటాను. ఏడాదిగా తిన్న పావుగంటకు గుండె దడగా ఉంటోంది. మధ్యలో ఒక దెబ్బ తప్పిపోయి, మళ్లీ గట్టిగా కొట్టుకున్నట్టు అనిపిస్తుంది. ఊపిరి నిండా అందదు. ఒక తేన్పు వస్తే హాయిగా ఉంటుంది. ఈసీజీ తీసి నార్మల్ అన్నారు. రెండేళ్లుగా రోజూ పరగడుపున గ్యాస్ బిళ్ల వేసుకుంటున్నాను. ఈ వానాకాలంలో మూడుసార్లు విరేచనాలు పట్టుకున్నాయి. గుండె, ఊపిరితిత్తులు, జీర్ణం, రోగనిరోధక శక్తి నాలుగూ ఒకేసారి దెబ్బతిన్నాయా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: నాలుగూ ఒకేసారి దెబ్బతిని ఉంటే మీరు రోజూ రాత్రి తొమ్మిదిన్నర దాకా కొట్టు నడపగలిగేవారు కాదు. ముందు ఆ టెన్షన్ కాస్త తగ్గించుకోండి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అన్నీ రాశారు గానీ నాకు కావలసిన ఒక్క ముక్క లేదు. భోంచేసిన వెంటనే వీధి చివరిదాకా నడిస్తేనో, మేడ మెట్లెక్కితేనో ఏమవుతోంది? దాని సంగతి కాసేపాగి చెబుతాను. ముందు మీరు అడిగినవి చూద్దాం.

ఛాతీనీ పొట్టనీ వేరు చేస్తూ గొడుగు ఆకారంలో ఒక పలుచని కండరం ఉంటుంది. స్కూల్లో ఉదరవితానం అని చదువుకునే ఉంటారు, మేం డయాఫ్రం అంటాం. గుండె దాని మీద ఆని కూర్చుంటుంది. ఎడమవైపు సరిగ్గా దాని కిందే జీర్ణాశయం. పైవాటా, కిందవాటా అన్నమాట. మధ్యలో ఉన్న స్లాబు మందం కొన్ని మిల్లీమీటర్లే. ఆహారనాళమైతే ఇంకా దగ్గర, గుండె ఎడమ కర్ణికకు, అంటే పైభాగంలోని ఎడమ గదికి, వెనకే ఆనుకుని కిందికి దిగుతుంది. అందుకే ఛాతీలో ఇబ్బంది వచ్చినప్పుడు అది పైవాటాదో కిందవాటాదో ఒక్కోసారి చెయ్యి తిరిగిన డాక్టరుకు కూడా పరీక్ష చేయకుండా తెలియదు.

మామూలుగా ఊపిరి తీసుకునేటప్పుడు డయాఫ్రం ఒకటి రెండు సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. ఆ జాగాలోకి దాదాపు అర లీటరు గాలి వస్తుంది. కడుపు నిండా తిని వెంటనే వెల్లకిలా పడుకున్నారనుకోండి, అన్నం, నీళ్లు, తినేటప్పుడు మింగిన గాలి అన్నీ కలిసి దాన్ని పైకి నెడతాయి. బొజ్జ ఉంటే ఆ బరువు అదనం. ఊపిరితిత్తుల్లో ఏ లోపమూ లేకపోయినా గాలి చాలనట్టు ఉంటుంది. తేన్పు వస్తే హాయిగా ఉండేది అందుకే. కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటరు ఇంట్లో ఉంటే, ఈసారి అలా అనిపించినప్పుడు వేలికి పెట్టి చూడండి. ఆక్సిజన్ 95 శాతం, ఆ పైన ఉంటే, కడుపు తేలిగ్గా ఉన్న రాత్రుళ్లు ఈ బాధే రాకపోతే, ఊపిరితిత్తుల గురించి దిగులు పడనక్కర్లేదు. ఏమీ తినకుండా పడుకున్నా ఊపిరాడక లేచి కూర్చోవాల్సి వస్తే, పాదాలు వాస్తుంటే మాత్రం అది గుండె పంపింగ్‌కు సంబంధించిన మాట. ఎకో, అంటే గుండె స్కానింగ్, తీయించాల్సిందే.

ఇక దెబ్బ తప్పడం. ఈ రాత్రి భోంచేశాక ఎడమచేతి మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు, కుడిచేతి మూడు వేళ్లు మెల్లగా ఆనించి రెండు నిమిషాలు నాడి చూసుకోండి. టక్, టక్, టక్ అని సమానంగా వస్తూ వస్తూ ఒకచోట ఖాళీ తగులుతుంది. ఆ తర్వాతి దెబ్బ ఛాతీలో ధన్‌మని వినిపిస్తుంది. నిజానికి అక్కడ గుండె ఆగలేదు. ఒక దెబ్బ తన వంతు రాకముందే తొందరపడి పడింది. అప్పటికి గుండెలోకి రక్తం సరిగ్గా చేరలేదు కాబట్టి ఆ దెబ్బ బలం మణికట్టు దాకా రాలేదు. ఆ వెనక కాస్త ఎక్కువ విరామం, ఆ విరామంలో గుండె మామూలు కంటే ఎక్కువ నిండటం, తర్వాతి దెబ్బ గట్టిగా పడటం. వీటిని ఎక్టోపిక్ బీట్స్ అంటాం. రోజుకు లక్ష సార్లు కొట్టుకునే గుండెలో ఇలాంటివి కొన్ని రావడం ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా మామూలే. నాడిలో ఖాళీలు అక్కడక్కడా కాకుండా లయంతా గందరగోళంగా, అడ్డదిడ్డంగా ఉంటే వెంటనే చూపించుకోండి.

మీ ఈసీజీ నార్మల్ అన్నారు, సంతోషమే. కానీ మామూలు ఈసీజీ కాగితం మీద ఉండేది సుమారు పది సెకన్ల గుండె లయ. అది కూడా పొద్దున్నో మధ్యాహ్నమో తీసి ఉంటారు. రాత్రి పది గంటల దొంగను పట్టుకోవాలంటే 24 గంటలు ఒంటికి తగిలించి ఉంచే చిన్న ఈసీజీ యంత్రం, హోల్టర్, పెట్టించుకోవాలి. ఆ రోజు ఉపవాసం గట్రా పెట్టుకోకండి, ఎప్పటిలాగే తినండి.

తిన్నాకే ఎందుకు వస్తుందంటే, భోజనం పడగానే పేగులకు రక్తం ఎక్కువ కావాలి. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి సుమారు ఐదు లీటర్లు పంప్ చేసే గుండె వేగం పెంచుకుని ఆ అదనపు రక్తాన్ని పంపుతుంది. దానికి తోడు వేగస్ అనే నరం ఒకటుంది. మెదడు నుంచి బయల్దేరి గుండెకు, ఊపిరితిత్తులకు, జీర్ణాశయానికి, పేగులకు కొమ్మలు వేసుకుంటూ పోతుంది. గుండెకు బ్రేకు అదే. 1921లో ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్త ఒక కప్ప గుండెకు ఈ నరం ద్వారా కరెంటు ఇచ్చి నెమ్మదింపజేసి, ఆ గుండె మునిగి ఉన్న ద్రవాన్ని తీసి ఇంకో కప్ప గుండె మీద పోశాడు. నరం లేని ఆ రెండో గుండె కూడా నెమ్మదించింది! నరాలు రసాయనాలతో మాట్లాడతాయని లోకానికి తెలిసింది అలాగే. ఉబ్బిన పొట్ట నుంచి ఈ నరం ద్వారా వెళ్లే కబుర్లతో కొందరిలో గుండె లయ కాస్త తడబడుతుంది.

విరేచనాల విషయంలో నాకు ముందు అనుమానం మీ గ్యాస్ బిళ్ల మీద. రోగనిరోధక శక్తి అనగానే అందరూ రక్తంలోని తెల్లకణాల గురించే ఆలోచిస్తారు. నోటి నుంచి వచ్చే క్రిములకు మొదట ఎదురయ్యేది జీర్ణాశయంలోని ఆమ్లం. కలుషిత నీటితో, పానీపూరీతో లోపలికి పోయిన క్రిములు చాలావరకు అక్కడే చస్తాయి. పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ లాంటి బిళ్లలు ఆ ఆమ్లాన్నే తగ్గిస్తాయి. ఏళ్ల తరబడి వాడేవాళ్లలో పేగు ఇన్ఫెక్షన్ల ముప్పు పెరుగుతుందన్నది తెలిసిన విషయమే. అలాగని నేరమంతా దానిమీదే మోపను. మెట్‌ఫార్మిన్ కూడా కొందరికి విరేచనాలు తెప్పిస్తుంది. పైగా ఈ రెండు మందులూ కలిసి బీ12ను తగ్గిస్తాయి. గ్యాస్ బిళ్ల చాలాకాలం వాడితే మెగ్నీషియం పడిపోవచ్చు. మెగ్నీషియం తగ్గితే, మీరు చెప్పిన ఆ తప్పిపోయే దెబ్బలే ఎక్కువవుతాయి. గ్యాస్ కోసం వేసుకుంటున్న బిళ్లే దడకు కొంత కారణం అయి ఉండవచ్చన్నమాట.

ఇది చదివి రేపటి నుంచే ఆపేయకండి. ఒక్కసారిగా మానితే ఆమ్లం మునుపటి కంటే ఎక్కువ ఊరి, కొందరికి ఛాతీలో మంట భరించలేనంతగా రావచ్చు. మోతాదు తగ్గిస్తూ, రోజు మార్చి రోజుకు తెస్తూ డాక్టరు చెప్పినట్టు మానాలి. స్టెంట్ వేయించుకుని రక్తం పలుచన చేసే మందులు వాడేవాళ్లు, కడుపులో పుండు నుంచి రక్తం పోయినవాళ్లు మాత్రం వాళ్ల డాక్టరు చెబితే తప్ప దీని జోలికి పోకూడదు.

ఇప్పుడు ఆ నడక ప్రశ్న. తిన్నాక కూర్చుంటేనో పడుకుంటేనో వచ్చి, నడిస్తే పోయే ఇబ్బంది చాలావరకు కిందవాటాది. తిన్నాక నడిస్తే ఛాతీ పట్టేసినట్టయి, నిలబడితే రెండు నిమిషాల్లో తగ్గేది పైవాటాది. పేగులు అదనంగా రక్తం లాగుతుంటే, కాళ్లు కూడా అడుగుతుంటే, గుండె రక్తనాళాల్లో పూడిక ఉన్నవాళ్లకు ఆ సమయంలోనే నొప్పి బయటపడుతుంది. మీకు షుగర్ ఉంది. షుగర్ వల్ల నరాలు మొద్దుబారినవాళ్లకు గుండె నొప్పి నొప్పిలా కాక ఆయాసంలా, చెమటలా, వికారంలా రావచ్చు. తేన్పుతో తగ్గింది కాబట్టి గుండెది కాదు అని తీర్మానించుకోవడం కూడా ప్రమాదమే. నేను పీజీ చేసే రోజుల్లో ఒకాయన తెల్లవారుజామున క్యాజువాలిటీకి వచ్చారు. రాత్రంతా సోడా తాగుతూ, తేన్చుతూ, తగ్గుతోందిలే అనుకున్నారట. ఈసీజీలో గుండె అడుగు గోడకు అటాక్. డయాఫ్రం మీద ఆనే గోడ అదే, అందుకే అచ్చం కడుపు బాధలా వస్తుంది.

కాబట్టి హోల్టర్‌తో పాటు ఎకో, కార్డియాలజిస్టు సరేనంటే టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ తీసే ఈసీజీ), రక్తంలో హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12, మెగ్నీషియం, పొటాషియం చూపించుకోండి. ఈలోగా ఛాతీలో బిగుతు పది నిమిషాలు దాటినా, చల్లని చెమట పట్టినా, దవడకో ఎడమచేతికో పాకినా, కళ్లు తిరిగి పడిపోయినా 108కి ఫోన్ చేయండి. ఆ టైంలో సోడా వద్దు, బండి మీద ఆస్పత్రికి వెళ్లడం అసలే వద్దు.

తిండి విషయం మీ చేతిలో పనే. కొట్టు తొందరగా కట్టేయమంటే మీకు కుదరదని తెలుసు. ఎనిమిదింటికి ఇంటి నుంచి క్యారియర్ తెప్పించుకుని కొట్లోనే తినేయండి. పడుకునేసరికి కనీసం రెండు గంటలు గడుస్తాయి. ఎడమవైపు తిరిగి పడుకోండి. మంచానికి తలవైపు రెండు కాళ్ల కింద ఆరంగుళాల ఎత్తు చెక్క ముక్కలు పెట్టండి. దిండ్లు పేర్చితే మెడ, నడుం వంగడమే తప్ప పొట్ట మీద ఒత్తిడి తగ్గదు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ గ్యాస్ బిళ్ల షీటు జేబులో వేసుకెళ్లండి. మన దగ్గర అమ్మే చాలా గ్యాస్ మందుల్లో పాంటాప్రజోల్‌తో పాటు వికారం, వాంతులు తగ్గించే డాంపెరిడోన్ కూడా కలిపి ఉంటుంది. కొందరిలో అది గుండె లయను దెబ్బతీస్తుంది, ఎరిత్రోమైసిన్ లాంటి కొన్ని యాంటీబయాటిక్స్‌తో కలిస్తే ఆ ముప్పు ఎక్కువ. విరేచనాలు పట్టుకున్న ఆ మూడుసార్లూ మందుల షాపులో ఏం ఇచ్చారో గుర్తుంటే అది కూడా ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి.