పుర్రచేతి వాటం వాళ్లు అన్నయ్య గిటార్‌ను తిప్పి పట్టుకుని నేర్చుకోవచ్చా?

అమెరికాకి చెందిన పుర్రచేతి గిటారిస్టు ఎలిజబెత్ కాటన్ లాగా కుడిచేతి గిటార్‌ని తీగలు మార్చకుండా తిప్పి పట్టుకుంటే కుదురుతుందా, ఇంట్లో అన్నయ్య గిటార్ ఖాళీగా ఉంది అని అడిగారు. కుదురుతుంది. నేను ఏడాదిన్నర అలాగే వాయించి, తర్వాత మానేశాను.

నాదీ పుర్రచెయ్యే. ఎడమ చేత్తో ముద్ద కలిపితే మా నాన్నమ్మ వేళ్ల మీద ఒక్కటిచ్చేది. తిండీ, రాతా కుడికి మారాయి గానీ, గిటార్ పట్టగానే చెయ్యి తన దారికి తను పోయింది. అప్పుడే ఒక ఫ్రెండ్ కాటన్ వీడియో పంపాడు.

ఆవిడా మొదలుపెట్టింది అన్న బాంజోతోనే (గిటార్ లాంటి తీగల వాద్యం), ఆయన పనికి వెళ్లాక తీసి. పుట్టింది 1893లో, నార్త్ కరోలినాలో. చిన్నప్పుడే ఇళ్లలో పనికి కుదిరి, నెలకి 75 సెంట్ల జీతంలోంచి కూడబెట్టి 3.75 డాలర్లకి గిటార్ కొనుక్కుంది. ఇంటి దగ్గర పట్టాల మీద వెళ్లే గూడ్సు బండి మీద ‘ఫ్రైట్ ట్రైన్’ పాట కట్టింది కూడా ఆ వయసులోనే. పెళ్లయ్యాక చర్చివాళ్లు ఈ పాటలు వద్దనడంతో గిటార్ మూలన పడింది. కొన్ని దశాబ్దాలు!

తర్వాత వాషింగ్టన్‌లో ఒక పెద్ద స్టోర్‌లో పనిచేస్తుండగా, తప్పిపోయిన పాపని తల్లికి అప్పజెప్పింది. ఆ తల్లి సంగీతకర్త రూత్ క్రాఫర్డ్ సీగర్. వాళ్లింట్లోనే పనికి చేరి, అక్కడి గిటార్ మీద మళ్లీ మొదలుపెట్టింది. 1957లో బ్రిటన్‌లో ఆ ‘ఫ్రైట్ ట్రైన్’ హిట్టయింది, వేరేవాళ్లు రాసినట్టుగా! రాసినావిడ అప్పటికీ ఇంటిపనే చేస్తోంది. మొదటి ఆల్బమ్ 1958లో వచ్చింది. 1985లో గ్రామీ అందుకునేసరికి ఆవిడకి 92 ఏళ్లు.

ఇక వాయించే పద్ధతి. పీడ్‌మాంట్ బ్లూస్ అనే అమెరికా ఆగ్నేయ ప్రాంతపు గిటార్ బాణీలో మామూలుగా బొటనవేలు లావు తీగల మీద బేస్ (మంద్ర స్వరాలు) కొడుతుంది, మిగతా వేళ్లు సన్న తీగల మీద పాట పలికిస్తాయి. గిటార్ తిరగేస్తే లావు తీగలు కిందకి పోతాయి. అందుకని ఆవిడ చూపుడువేలితో బేస్ కొట్టి, పాటని బొటనవేలికి అప్పజెప్పింది. ఆ మెత్తటి నాదం అక్కడిదే. కుడిచేతివాళ్లు ఎంత సాధన చేసినా అచ్చం అలా రాదనే నా నమ్మకం.

నాకు మొదటి నెలంతా చూపుడువేలికి బొబ్బలు. అవి తగ్గాక ఫింగర్ పికింగ్, అంటే వేళ్లతో ఒక్కో తీగా మీటడం, హాయిగా వచ్చింది. చిక్కంతా ఫ్రెండ్స్‌తో కూర్చుని స్ట్రమ్మింగ్ (తీగలన్నీ ఒక్క ఊపులో మీటడం) చేసేటప్పుడే. చెయ్యి కిందకి ఊపితే ముందు సన్న తీగలు మోగి పాట పల్చబడిపోతుంది. కార్డ్‌కి (కలిపి మోగించే స్వరాలకి) వేళ్లు ఎక్కడ పెట్టాలో చూపే బొమ్మ చూసిన ప్రతిసారీ మనసులో తిరగేసుకోవాలి. విసుగొచ్చి తీగలు తిరగేసి వేశాను. లావు తీగ నట్ (గిటార్ మెడ చివర తీగలు ఆనే గాళ్ల పట్టీ) మీది సన్న గాడిలో దిగలేదు. సన్న తీగ వెడల్పు గాడిలో వదులుగా పడి జిర్రుమంది. చివరికి లెఫ్టీ గిటార్, అంటే ఎడమచేతివాళ్ల కోసమే చేసింది, కొన్నాను.

మీకు పికింగే ఇష్టమైతే రెండు నెలలు తిప్పి వాయించి చూడండి, పైసా ఖర్చు లేదు. సినిమా పాటలకి కార్డ్స్ కొట్టాలంటే మాత్రం లెఫ్టీయే నయం. తీగలు, నట్ మార్చే ఆలోచన ఉంటే ముందు అన్నయ్యని అడగండి. మార్చాక ఆయనకి అది పనికిరాదు.