ప్లేటు అంచు మీద డైమండ్ల వరుస చివర్లో కలవకపోతే

మట్టి ప్లేటు అంచు చుట్టూ 24 డైమండ్లు గీయబోతే చివర్లో చిన్న సందు మిగిలిందని అడిగారు. టేపు బయటి అంచుకు చుట్టి కొలవడం వల్లే ఇలా అవుతుంది. 26 సెం.మీ. ప్లేటు బయటి చుట్టుకొలత 81.7. దాన్ని 24 డైమండ్లకు పంచితే ఒక్కోటి 3.4 సెం.మీ. కానీ మీ వరుస ఉన్నది 23 సెం.మీ. వ్యాసం వలయం మీద, అక్కడ చుట్టుకొలత 72.3 మాత్రమే. అందుకే 21 పట్టి, మీరు చెప్పిన ఆ చిన్న సందు మిగిలింది.

1. గీసినవి తుడిచేయండి. ప్లేటును బ్యాండింగ్ వీల్ (చేత్తో తిప్పే గుండ్రటి పీట) మీద పెట్టి, తిప్పినప్పుడు అంచు అటూ ఇటూ ఊగకుండా సరిచేయండి. ప్లేటు కింద ఉండే అడుగు వలయాన్ని నమ్మొద్దు, అంచునే చూడండి.

2. వీల్ తిప్పుతూ పెన్సిల్‌తో 23 సెం.మీ. వలయం గీయండి. మామూలు పెన్సిల్ చాలు, బట్టీలో కాల్చినప్పుడు పోతుంది.

3. చాలామంది వదిలేసేది ఇదే: 72.3ని 24కు పంచితే వచ్చే 3 సెం.మీ. చొప్పున వరుసగా కొలుచుకుంటూ పోకూడదు. ఒక్కో కొలతలో పావు మిల్లీమీటరు తేడా వచ్చినా 24 కొలతలకు 6 మి.మీ. అవుతుంది. కంపాస్‌ను 11.5 సెం.మీ.కు (23లో సగం) తెరిచి, వలయం మీద ఒకదాని తర్వాత ఒకటి ఆరుసార్లు గుర్తు పెట్టండి. ఆరోది మొదటి గుర్తు మీదే పడాలి. పడకపోతే వలయం కొలత గానీ కంపాస్ గానీ తప్పు, ముందుకెళ్లొద్దు. పడితే ప్రతి భాగాన్నీ సగం చేయండి: 12. మళ్లీ సగం: 24.

4. గుర్తుల నుంచి గీతలు ప్లేటు మధ్య వైపు లాగండి. డైమండ్ బయటి సగం కాస్త వెడల్పుగా వస్తుంది, అలాగే ఉండాలి.

5. 24 గుర్తులూ పూర్తయ్యాకే రంగు.