సూపర్ హీరోకి అమ్మానాన్నా ఎందుకుండరు?

ప్రశ్న: ఏ సూపర్ హీరో సినిమా చూసినా హీరో అనాథ, ఒక గురువు దొరుకుతాడు, సగం దాటాక ఆయన పోతాడు, అప్పుడు హీరో లేస్తాడు. రాసేవాళ్ళకి వేరే కథ తెలీదా?

జవాబు: తెలుసు, కానీ ఈ కథ వాళ్ళది కాదు, వాళ్ళకంటే చాలా పాతది. జోసెఫ్ కాంబెల్ అనే ఆయన 1949లోనే రకరకాల దేశాల పురాణాలు ముందేసుకుని, ఇల్లు వదలడం, పెద్దదిక్కు దొరకడం, చావు అంచుదాకా వెళ్ళడం, ఏదో సాధించుకుని తిరిగి రావడం, ఈ వరసే అన్నిట్లో కనిపిస్తోందని పుస్తకం రాశాడు. అంతకుముందే కార్ల్ యూంగ్ అనే మానసిక శాస్త్రవేత్త ఇలా మళ్ళీ మళ్ళీ వచ్చే పాత్రల్ని ఆర్కిటైప్స్ అన్నాడు. ఇప్పుడు ప్రతి కథకీ ఈ కొలత బలవంతంగా అతికించేవాళ్ళు ఎక్కువైపోయారు, అది వేరే గొడవ లెండి.

అనాథ సంగతి మాత్రం ఊరికే పెట్టింది కాదు. 1938లో వచ్చిన సూపర్‌మ్యాన్‌కి కన్నవాళ్ళే కాదు, పుట్టిన గ్రహం కూడా మిగల్లేదు. మరుసటేడు వచ్చిన బ్యాట్‌మ్యాన్ కళ్ళముందే అమ్మానాన్నల్ని చంపేస్తారు. అంత బలం ఉన్నోడికి ఇంట్లో "ఆగరా" అనే పెద్దవాళ్ళుంటే కథ అక్కడే అయిపోతుంది కదా, ఎవరూ ఆపలేని వాడు తనని తాను ఆపుకుంటాడా లేదా అన్నదే చూడాలి మనం. గురువుని చంపేసేది కూడా అందుకే.

ప్రశ్న: సైన్స్ ఫిక్షన్ అంటారు గానీ సాలీడు కుడితే గోడలెక్కడం ఏం సైన్సండీ?

జవాబు: ఏ సైన్సూ కాదండీ. గామా కిరణాలు గట్టిగా తగిలితే డీఎన్ఏ దెబ్బతిని మనిషి జబ్బు పడతాడు, కోపమొస్తే ఆకుపచ్చ రాక్షసుడైపోయే హల్క్‌లా కండలు రావు. కాకపోతే పాత కథల్లో వరమో శాపమో చేసే పని ఇక్కడ సైన్స్ చేస్తుంది, అడక్కుండానే ఒక మామూలు మనిషికి ఏదో అంటగడుతుంది. కాబట్టి అది నిజమా కాదా అని కాకుండా ఏ కాలంలో ఏ సైన్సుని పట్టుకున్నారో చూడండి, మజా అక్కడుంది. 1962 స్పైడర్‌మ్యాన్ కామిక్‌లో ఆ సాలీడుకి రేడియేషన్ తగిలింది, అప్పట్లో అందరికీ అణుబాంబు భయం, అదే ఏడు హల్క్ కూడా గామా బాంబు టెస్ట్ దగ్గరే తయారయ్యాడు. 2002 సినిమాకొచ్చేసరికి అదే సాలీడు జన్యువులు మార్చిన సాలీడైపోయింది, ఎందుకంటే మధ్యలో 1996లో క్లోనింగ్‌తో డాలీ గొర్రె పుట్టేసింది, 2000లో మనిషి జీనోమ్ (మొత్తం జన్యువుల లిపి) డ్రాఫ్ట్ ప్రకటించేశారు, భయం బాంబు మీంచి ల్యాబు మీదకి పోయింది. ఐరన్‌మ్యాన్ కూడా అంతే, 1963లో వియత్నాంలో పట్టుబడ్డాడు, 2008 సినిమాలో అఫ్గానిస్తాన్‌లో. ఆయుధాలు తయారుచేసేవాడికే ఆయుధం దెబ్బ తగలడం మాత్రం రెండిట్లోనూ ఉంది.

ప్రశ్న: నాకు ఎప్పుడూ విలన్ మాటే కరెక్ట్ అనిపిస్తుంది. నాలో ఏమైనా తేడా ఉందంటారా?

జవాబు: మీలో ఏం లేదు, బాగా రాసిన సినిమాల్లో అది కావాలనే పెడతారు, విలన్ అడిగే ప్రశ్న కరెక్టే ఉంటుంది, దానికి వాడు వెతుక్కున్న దారే ఘోరంగా ఉంటుంది. 2000లో వచ్చిన ఎక్స్‌మెన్ మొదలయ్యేదే 1944 పోలండ్‌లో, నాజీ క్యాంపు దగ్గర ఒక పిల్లాణ్ణి అమ్మానాన్నల నుంచి లాగేస్తుంటే ఇనుప గేటు వంకర్లు పోతుంది. వాడే విలన్ మాగ్నెటో. పెద్దయ్యాక మ్యూటెంట్లు, అంటే పుట్టుకతోనే వింత శక్తులున్న వాడిలాంటి వాళ్ళందరి పేర్లూ రిజిస్టర్ చేయాలని ఒక సెనేటర్ పట్టుబడితే, అలాంటి లిస్టులు ఎక్కడిదాకా పోతాయో వాడు చిన్నప్పుడే చూసొచ్చాడు, వాడికి కోపం రాదా మరి? మ్యూటెంటే అయిన ప్రొఫెసర్ ఎక్స్ ఏమో మనుషుల్ని నమ్ముదాం అంటాడు. ఇద్దరూ పాత స్నేహితులు, ఇద్దరికీ కావాల్సింది తమవాళ్ళు బతకడమే. యూంగ్ షాడో అని చెప్పింది ఇలాంటిదే, నాది కాదని పక్కకి నెట్టేసిన నా ముఖమే ఎదురుగా వచ్చి నిలబడుతుంది.

2018 బ్లాక్ పాంథర్‌లో ఇది ఇంకా ముదిరింది. ఇంత టెక్నాలజీ దాచుకుని కూర్చున్నారు, బయట మనలాంటి నల్లవాళ్ళు నలిగిపోతుంటే మీరేం చేశారు అని విలన్ కిల్‌మాంగర్ నిలదీస్తే ఆఫ్రికాలో దాక్కున్న వకాండా దేశపు రాజు, హీరో టీచల్లా దగ్గర సరైన సమాధానమే లేదు. చివరికి వాణ్ణి ఓడించి కూడా వకాండా తలుపులు తెరుస్తాడు, అంటే ఫైట్ ఒకడు గెలిచాడు, వాదన ఇంకొకడు గెలిచాడు. నాకు ఒళ్ళు మండేది ఒక్క విషయంలో. విలన్ మరీ కరెక్ట్ అయిపోతున్నాడని రాసేవాళ్ళకి కంగారు పుట్టగానే వాడిచేత ఏదో ఒక దారుణం చేయించేస్తారు, కిల్‌మాంగర్ కూడా తన గర్ల్‌ఫ్రెండ్‌నే కాల్చేస్తాడు, దాంతో జనం వాదన వదిలేసి వాడి చావు కోసం ఎదురుచూస్తారు. ఈసారి ఏ సినిమా చూసినా ఆ సీన్ ఎక్కడ దూర్చారో కనిపెట్టండి.

ప్రశ్న: వీటిల్లో ఆడవాళ్ళకి ఏడవడం, చావడం తప్ప వేరే పని లేదా?

జవాబు: చాలాకాలం లేదనే చెప్పాలి. 1994లో ఒక గ్రీన్ లాంటర్న్ కామిక్‌లో విలన్ హీరో గర్ల్‌ఫ్రెండ్‌ని చంపి ఫ్రిజ్‌లో పెడతాడు, హీరోకి కోపం తెప్పించడానికి తప్ప ఆ చావుకి ఇంకో అర్థం లేదు. 1999లో గెయిల్ సిమోన్ అనే ఆవిడ ఇలా బలైపోయిన ఆడపాత్రల లిస్టు నెట్‌లో పెడితే పెద్ద చర్చే నడిచింది, తర్వాత ఆవిడే వండర్ ఉమన్ కామిక్స్ కూడా రాసింది. 1941లోనే పుట్టిన ఆ వండర్ ఉమన్‌కి థియేటర్లో తన పేరుతో సినిమా 2017 దాకా రాలేదు మరి!

ప్రశ్న: కళ్ళజోడు పెట్టుకుంటే సూపర్‌మ్యాన్‌ని ఎవరూ గుర్తుపట్టరా, ఇదేం లాజిక్?

జవాబు: లాజిక్ అడక్కండి, ఎవరూ పట్టించుకోని ఒక మనిషి లోపల ఇంత దాగుందని మనకి మాత్రమే తెలియడం, ఆ సరదా కోసం పెట్టిందది. 2008 సినిమాలో హీరో టోనీ స్టార్క్ ప్రెస్‌మీట్‌లో నేనే ఐరన్‌మ్యాన్ అనేశాక మార్వెల్ సినిమాల్లో ఈ దాగుడుమూతలు బాగా తగ్గాయి. నాకైతే కళ్ళజోడే ఇష్టం.