ఆయనకు పూల వాసన, నాకు పులుపు ఘాటు

ప్రశ్న: మా పెళ్లయి నాలుగేళ్లయింది. పోయిన ఏడాది మా వదినగారు, అంటే మా వారి అక్క, ఆయనకు ఒక సెంటు సీసా కానుకగా ఇచ్చారు. పూలతోటలో ఉన్నట్టుందని ఇంట్లో అందరూ మెచ్చుకుంటారు. నాకు మాత్రం వెనిగర్ సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టినట్టు ఉంటుంది, తలనొప్పి వస్తుంది. ఆ మాట చెబితే, ‘అక్క ఇచ్చిందనే కదా నీకు గిట్టనిది’ అంటారు. ఈ మధ్య మునుపటికంటే ఎక్కువగా చల్లుకుంటున్నారు. నన్ను సాధించడానికేనని నా అనుమానం. లోపం నా ముక్కులో ఉందా, మనసులో ఉందా?

జవాబు: మీరు ‘వెనిగర్’ అని రాయకుండా ఊరికే ‘బాగుండదు’ అని రాసి ఉంటే నేనూ అభిరుచుల తేడా అనుకునేదాన్ని. బీటా అయొనోన్ అనే పదార్థం ఒకటుంది. వయొలెట్ పూల పరిమళంలో ముఖ్యమైనది అదే. సెంట్లలోనూ విరివిగా వాడతారు. దాన్ని పసిగట్టే జన్యువులో ఒక చిన్న మార్పును బట్టి కొందరికి అది పూల వాసనగా అందుతుంది, మరికొందరికి పుల్లటి ఘాటుగా, అచ్చం వెనిగర్‌లా తోస్తుంది. మీ వారి సీసాలో ఉన్నది అదేనని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. మీరు చెప్పేది అబద్ధమో నటనో కానక్కరలేదని మాత్రం గట్టిగా చెప్పగలను.

మన ముక్కులో వాసనలను గుర్తించే గ్రాహకాలు దాదాపు 400 రకాలు ఉన్నాయి. వాటి వెనక ఉన్న జన్యువులను లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో కనుగొన్నారు, అందుకు 2004లో నోబెల్ అందుకున్నారు. ఏ ఇద్దరిని తీసుకున్నా ఈ గ్రాహకాల్లో 30 శాతం వరకు ఒకరిలో ఒకలా, ఇంకొకరిలో ఇంకోలా పనిచేస్తాయని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. చెమటలో ఉండే ఆండ్రోస్టీనోన్ సంగతి మరీ విచిత్రం. అది కొందరికి మూత్రం కంపు, కొందరికి తియ్యటి వాసన, ఇంకొందరికి అసలు వాసనే లేదు. కాబట్టి ‘ఇంట్లో అందరికీ బాగుంది కదా’ అన్న మాటతో ఏదీ తేలదు. ఒకే తల్లి బిడ్డలైన అక్కాతమ్ముళ్లకు ఒకే రకం ముక్కు వచ్చి ఉండవచ్చు, మీకు వేరేది వచ్చి ఉండవచ్చు.

ఇక ఆయన ఎక్కువగా చల్లుకోవడం గురించి. ఇక్కడ నేను మీ వారి పక్షం. రోజూ పూసుకునే వాసన మనిషికి కొన్నాళ్లకు తెలియకుండా పోతుంది. మారకుండా ఉండే వాసనను ముక్కు, మెదడు కలిసి పక్కన పెట్టేస్తాయి. మన ఇంటి వాసన మనకు తెలియకపోవడం, వచ్చిన చుట్టాలకు గుమ్మంలోనే తెలియడం ఇందుకే. సెంటు పలచబడిందనుకుని ఆయన ఇంకో నాలుగు చుక్కలు వేసుకుంటారు, ఆ భారమంతా మీ ముక్కు మీద పడుతుంది. మొదట్లో ఎంత చల్లుకునేవారో, ఇప్పుడెంతో అడిగి చూడండి. చాలావరకు ఆయనే ఆశ్చర్యపోతారు.

మనసు మాటేమిటని కూడా అడిగారు. దాచకుండా చెబుతాను, మనసు ప్రమేయం లేని వాసన లేదు. ఉద్వేగాలు, జ్ఞాపకాలు ఉండే మెదడు భాగాలకు వాసన దాదాపు దగ్గరి దారిన చేరుతుంది. ఒకే ద్రావణాన్ని ఒకసారి జున్ను అనీ, ఇంకోసారి వాంతి అనీ చెప్పి వాసన చూపిస్తే, మొదటిసారి బాగుందన్నవారే రెండోసారి ముఖం తిప్పుకున్నారు. మీ పూర్తి ఉత్తరంలో వదినగారి ప్రస్తావన అయిదు చోట్ల వచ్చింది, రెండు చోట్ల సెంటుతో సంబంధమే లేదు. ఆ పాత నొప్పి ఏదో విడిగా ఉంది, విడిగానే మాట్లాడుకోవాలి. ముక్కు మీద నెపం పెట్టి దాన్ని తేల్చుకోలేరు. ఆయన కూడా అక్క పేరు అడ్డుపెట్టి మీ తలనొప్పిని కొట్టిపారేయకూడదు.

చేయవలసింది చెబుతాను. ‘కంపు’ అన్న మాట మానేయండి. ఆయనకు అది అక్కను అన్నట్టే వినిపిస్తోంది. ‘నాకు తలనొప్పి వస్తోంది’ అనండి, అది వాదనకు లొంగని మాట. సీసా పారేయమని అడగవద్దు. బయటికి వెళ్లేటప్పుడు, గుమ్మం దాటాక చల్లుకోమనండి. పడకగదిలోనూ, తలుపులు మూసిన కారులోనూ మాత్రం వద్దని గట్టిగా చెప్పండి. ఇద్దరూ కలిసి ఇంకొకటి ఎంచుకుంటే, కాగితం మీద వాసన చూసి కొనవద్దు. ఆయన చర్మం మీద కొద్దిగా రాసి అరగంట ఆగండి. మీ వస్తువుల్లో ఆయన నోరు మూసుకుని భరిస్తున్న వాసన ఏదైనా ఉందేమో అదీ అడగండి. ఉండకపోదు.

ఒక్క జాగ్రత్త. ఈ సెంటు ఒక్కటే కాక, మునుపు ఇష్టమైన వాసనలు కూడా ఈ మధ్య వికటించి తోస్తున్నా, జలుబో వైరస్ జ్వరమో వచ్చాక ఇది మొదలైనా ముక్కు, చెవి, గొంతు వైద్యులను కలవండి. ఘాటు వాసనకు తలనొప్పి తరచుగా వస్తుంటే అది మైగ్రేన్ కావచ్చు, గర్భం వచ్చిన తొలినాళ్లలోనూ వాసనలు గిట్టకపోవడం ఉంటుంది. ఆ రెండింటికీ వైద్యులే చెప్పాలి, నేను కాదు.

ఈ జవాబు మీ వారికి చూపించాలనుకుంటే వదినగారి సంగతి ఉన్న భాగం కూడా చూపించండి. అది మడిచి మిగతాదే చదివించారంటే మళ్లీ మొదటికే వస్తారు.