రచయితను కలవబోయే ముందు

హైదరాబాద్

చిరంజీవి అమ్మాయికి,

పెద్దనాన్న ఆశీస్సులు. సమకాలీన రచయితలను కలిసి, వారి పుస్తకాల వెనుక ఉన్న జీవితాన్ని గురించి నెలనెలా వ్యాసం రాసే పని నీకు అప్పగించారని మీ నాన్న చెప్పగా ఎంతో సంతోషించాను. చాలాకాలం సాహిత్య పేజీ చూసినవాడిగా నీకు ఒక మాట గట్టిగా చెప్పాలనిపించింది. ‘ఇది మీకు నిజంగా జరిగిందా?’ అని మాత్రం ఎవరినీ అడగవద్దు. రచయిత్రులను అసలే అడగవద్దు. వారు ఎంత శ్రమపడి కథ అల్లినా దాన్ని సొంత గోడుగానే చదివే అలవాటు మన సభల్లో ఇప్పటికీ పోలేదు. అది నన్ను చాలా బాధిస్తుంది.

జరిగినదానికీ రాసినదానికీ నడుమ ఏమైందో అడుగు. ఫ్రెంచి రచయిత్రి అనీ ఎర్నో 1958 వేసవిలో పిల్లల సెలవుల శిబిరంలో తనకు ఎదురైన అనుభవాన్ని 2016లో గాని పుస్తకంగా తీసుకురాలేదు. ఈలోగా తండ్రిని గురించి, తల్లిదండ్రులు నడిపిన చిన్న కొట్టును గురించి రాసిన మనిషి, ఈ ఒక్కదాని దగ్గర అన్నేళ్లు ఎందుకు ఆగారన్నది అడగదగిన ప్రశ్న. అఫ్ఘానిస్తాన్‌లో పుట్టిన రచయిత ఖాలిద్ హుస్సేనీ సంగతి ఇంకా ఆలోచింపజేస్తుంది. దౌత్య ఉద్యోగి అయిన తండ్రితో 1976లో కాబూల్ విడిచి, 1980లో అమెరికాలో ఆశ్రయం పొంది, వైద్యుడిగా పనిచేస్తూ ఆయన తొలి నవల రాశారు. అందులో కథానాయకుడు తాలిబన్ల ఏలుబడిలోని కాబూల్‌కు తిరిగి వెళతాడు. హుస్సేనీ మాత్రం నవల రాయడం ముగిసిన తరువాత, 2003లో, 27 ఏళ్ల ఎడబాటు తరువాత తన ఊరు మళ్లీ చూశారు. అనుభవం ముందు, రాత తరువాత అని మనం వేసుకునే లెక్క అక్కడ తప్పిపోయింది.

మన దగ్గరి పుస్తకాలకు వద్దాం. గోగు శ్యామల గారు తాండూరు ప్రాంతపు పలుకుబడిలో రాసిన కథల్లో ఒకదాన్ని ఊరి చెరువు చేతనే చెప్పించారు. ఆ గొంతు ఎలా దొరికిందో అడగాలంటే ముందు ఆ కథను నీవు పైకి చదువుకొని వినాలి. వై.బి. సత్యనారాయణ గారి ‘మా నాయన బాలయ్య’ ఉమ్మడి కరీంనగర్ జిల్లా వంగపల్లి నుంచి రైల్వే పనికి చేరిన దళిత కుటుంబపు తరాల చరిత్ర. అటువంటి పుస్తకం రాసినవారి దగ్గరకు వివక్షను గురించిన పెద్ద ప్రశ్న ఒక్కటే పట్టుకొని వెళితే, పుస్తకంలో ఉన్న జవాబే మళ్లీ వస్తుంది. రైల్వే క్వార్టర్‌లో ఎన్ని గదులుండేవి, రాత్రి చదువుకు దీపం ఎక్కడ పెట్టేవారు, నాన్న డ్యూటీ దిగి వచ్చేసరికి ఇంట్లో ఎవరు మేలుకొని ఉండేవారు అని అడుగు. చిన్న ప్రశ్నకు మనిషి ఆగి, గుర్తుచేసుకొని, పుస్తకంలో లేనిది చెబుతాడు.

కలవబోయే ముందు బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి వెళ్లి, ఆ రచయిత కథలు మొదట అచ్చయిన పాత సంచికలు దొరుకుతాయేమో చూడు. పత్రికలో వచ్చిన పాఠాన్ని, సంపుటిలోని పాఠాన్ని పక్కపక్కన పెట్టుకొని పేరా వెంట పేరా చదువు. తల్లి పాత్రకు పేరు మారిందా, ముగింపులో నాలుగు వాక్యాలు పోయాయా, మాండలికం పెరిగిందా తగ్గిందా అన్నవి గుర్తుపెట్టుకుంటే, నీ ప్రశ్నల్లో సగం అక్కడే తయారవుతాయి. ఫోన్‌లో రికార్డు చేసినా నోట్‌బుక్ వదలవద్దు.

ఇంకొక సంగతి. మాటల వేడిలో రచయితలు ఇంట్లో వాళ్ల జబ్బులు, తాగుడు, విడిపోవడాలు కూడా చెప్పేస్తారు. ఆ మనుషులు ఇంకా బతికే ఉంటారు, వ్యాసం చదువుతారు కూడా. పుస్తకంలో లేని అటువంటి వివరం ఏదైనా నీ చేతికి వస్తే, అచ్చుకు పంపేముందు రచయితకు ఫోన్ చేసి, ఆ వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించి, ఉంచాలో తీసేయాలో అడుగు.

ఆశీస్సులతో,
నీ పెద్దనాన్న